మాస్టారు వెనక బ్లోయరే ఎందుకు కొన్నారు

పక్కింటి మాస్టారు పోయారని పోయిన వారం ఆయన భార్య, మా ఆంటీ, ఫోన్ చేసి చెప్పారు. నిద్రలోనే గుండె ఆగిందట. కాసేపు ఏడ్చి, "గురువారం నాకు డయాలసిస్ ఉందమ్మా, మంచు పడుతుందంటున్నారు" అన్నారు. ఆ ఇంట్లో చలికాలమంతా ఈ రెండింటి చుట్టూనే తిరిగేది. ఆవిడ ఆస్పత్రికి వెళ్లే రోజున దారి తెరిచి ఉండి తీరాలి.

కెనడాలో రెజైనా ఊరి బయట మావి పక్కపక్క ఇళ్లు, మధ్యలో ఒక పొలం. వాళ్ల ఇంటి నుంచి రోడ్డు దాకా దారి చాలా పొడుగు. ఆయన యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పి రిటైరయ్యారు కాబట్టి అందరికీ మాస్టారే.

చిన్న ట్రాక్టర్ కొన్న ఏడాది ఆయనతో వేగడం కష్టమైంది. మంచును లాగి పక్కకు విసిరే స్నోబ్లోయర్ దానికి ముందు పెట్టించాలా, వెనకా? తలా ఒక వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో పులిహోర వడ్డించుకుంటున్నవాళ్లను కూడా వదల్లేదు. అపార్ట్‌మెంట్లలో ఉండే స్టూడెంట్లు సైతం ఓటేయాల్సి వచ్చింది.

"వీళ్లకు ట్రాక్టరే లేదు, ఇదేం శాంపిల్ మాస్టారూ?" అన్నాను.

"అందుకే అమ్మాయ్, ఎక్కువమందిని అడుగుతున్నా."

ఓట్లన్నీ ముందుకే పడ్డాయి. ముందుంటే చూసుకుంటూ నడపొచ్చు. వెనకుంటే రివర్స్‌లో పోతూ మెడ తిప్పుకునే కూర్చోవాలి. ఆయన మెడ చూస్తే ఎప్పుడో పట్టేసింది. ఎవరైనా పిలిస్తే మనిషి మొత్తం తిరిగేవారు. అయినా అందరి మాటా విని, వెనకదే కొన్నారు.

నాకు ఉండబట్టలేదు. ఎందుకని అడిగాను.

"ముందు పెడితే అక్కడున్న లోడర్, బకెట్‌తో సహా ఊడదీయాలి. గ్రేడర్ బండి రోడ్డు మీద మంచు తోసుకుంటూ పోతూ మన దారికి అడ్డంగా గట్టు పోస్తుందా, దాన్ని బకెట్‌తో పగలగొట్టాలి కదా."

ఆ గట్టును బ్లోయరే నమిలేయగలదని ఆయనకూ తెలుసు. ఇంకోసారి అడిగితే, వెనకది సింపుల్, తొందరగా చెడిపోదన్నారు. మళ్లీ అడిగితే టీ ఇచ్చారు.

నాకు ట్రాక్టర్ నేర్పింది ఆయనే. గాలి ఎటు వీస్తోందో చూడకుండా బ్లోయర్ వేస్తే తీసిన మంచంతా మన నెత్తినే పడుతుందనేవారు. "ఇంజిన్ ఆపకుండా అందులో చెయ్యి పెట్టకు. చేతికి రెండో శాంపిల్ దొరకదు" అని ప్రతి చలికాలం మొదట్లోనూ చెప్పేవారు. నా రెండు చేతులూ ఇంకా ఉన్నాయంటే ఆయన చలవే.

గురువారం తెల్లారేసరికి మంచు దట్టంగా పడి ఉంది. నేను వెళ్లాను. ఆంటీ ట్రాక్టర్ తాళం తెచ్చిచ్చారు. ఆ సమయంలో అడగాల్సిన ప్రశ్న కాదు, కానీ నోరు ఊరుకోలేదు.

"ఆంటీ, మాస్టారు వెనక బ్లోయరే ఎందుకు కొన్నారు?"

"నాకేం చెప్పారమ్మా? అంతకుముందు చేత్తో తోసుకుపోయే బ్లోయర్ ఉండేది. ఓసారి ఆయన అట్లా ఇంటికి వీపు పెట్టి తోసుకుంటూ వెళ్లారు, నేనిక్కడ వంటింట్లో పడిపోయా. రోడ్డు దాకా వెళ్లి వెనక్కొచ్చేవరకూ ఆయనకు తెలీలేదు. అప్పట్నుంచి ఈ కిటికీకి కర్టెన్ వేయనివ్వలేదు."

షెడ్డు ముందు నుంచి రోడ్డు వైపు రివర్స్‌లో బయల్దేరాను. మెడ వెనక్కి తిప్పి, మంచు ఎగిరి పొలంలో పడటం చూస్తూ నడిపాను. కొంతదూరం పోయేసరికి మెడ పీకింది. ఒక్క క్షణం నేరుగా తిప్పాను.

ఎదురుగా వంటింటి కిటికీ ఉంది. లైటు కింద ఆంటీ కోటు వేసుకుని, ఆస్పత్రి బ్యాగు పట్టుకుని నిలబడి ఉన్నారు.

రోడ్డు దాకా మెడ నొప్పి పుట్టినప్పుడల్లా ఆవిడ కనిపిస్తూనే ఉన్నారు. చివర్లో ట్రాక్టర్ ఆపి చెయ్యెత్తాను. అంత దూరాన, కిటికీలో, ఆవిడా చెయ్యెత్తారు.