గింజ చప్పుడు

మొన్న చిత్తూరు బస్సు పూతలపట్టులో ఆగి కదిలేటప్పుడు నా పక్క కిటికీలోంచి ఒక చప్పుడు వచ్చింది. ఇంజను మోత, కండక్టరు ఈల, వెనక సీట్లో ఎవరి ఫోనులోనో భక్తిపాట. వీటన్నిటి కింద టిక్, టిక్. ఫ్రేము లోపల ఎక్కడో ఇసుకరేణువంత ఇనుపముక్క. పక్కాయన హాయిగా నిద్రపోతున్నాడు. నేను మాత్రం అద్దానికి చెవి ఆనించి కూర్చున్నాను. చూసినవాళ్లు ప్రేమలో దెబ్బతిన్నాడనుకుని ఉంటారు. నిజానికి నాకు మునిరత్నం సార్ గుర్తొచ్చారు.

తిరుపతి శివార్లలో సైన్యానికి వైర్‌లెస్ సెట్ల బోర్డులు చేసే చిన్న ఫ్యాక్టరీ మాది. వాటిలో వాడే రిలేలను పరీక్షించి మంచివి ఏరేది సార్. రిలే అంటే బొటనవేలి గోరంత లోహపు డబ్బీ. లోపల రెండు నాలుకలు, కరెంటు ఇస్తే కలుస్తాయి, ఆపితే విడిపోతాయి. మూత అతికేటప్పుడు లోపల కంటికి ఆనని లోహపు పొడి మిగిలిపోతే, అది ఏదో ఒకరోజు ఆ నాలుకల మధ్య ఇరుక్కుంటుంది. సెట్ మూగబోతుంది. అందుకే ప్రతి రిలేనూ ఒక యంత్రం మీద బిగించి, గడగడలాడించి, హెడ్‌ఫోన్‌లో వింటాం. తెర మీద గీత కూడా ఎగురుతుంది గానీ, మరీ చిన్నవాటికి అది కదిలీ కదలనట్టుంటుంది. అప్పుడు చెవిదే తీర్పు. ఆ పొడికి సార్ పెట్టిన పేరు గింజ. కాగితాల్లో దానికి పొడవాటి ఇంగ్లీషు పేరుంది. అది పలికేలోపు రెండు రిలేలు పరీక్షించవచ్చు.

గదికి కిటికీలు లేవు. గోడలకు స్పాంజి, లోపల రెండు కుర్చీలు. మాట్లాడకూడదు. నాలాంటి వాగుడుకాయను ఏరి అక్కడ వేసిన మేనేజరు నాకంటే పెద్ద హాస్యగాడని నా అభిప్రాయం. మొదటి రోజే వరసగా ఎనిమిది రిలేల్లో గింజ పట్టేశాను. గర్వంగా సార్‌ను పిలిచాను. ఆయన హెడ్‌ఫోన్ పెట్టుకుని కాసేపు విని, యంత్రం బల్లకు ఆని ఉన్న నా నడుం వైపు చూశారు.

“మొలతాడుకు ఏం కట్టినావప్పా?”

“తాయెత్తు సార్. కాణిపాకంలో మాయమ్మ కట్టించింది.”

“గింజ రిలేలో లేదు, నీలో ఉండాది. తీసి బయట పెట్టి రా.”

వినాయకుడు సాయంత్రం దాకా నా లాకర్లో, తాళాల గుత్తి పక్కన కూర్చున్నాడు.

ఇంకోసారి కొనుగోళ్ల విభాగం ఆయన మామూలు రకం రిలేలు తెచ్చి, “సర్టిఫికెట్ ఉండాది కదన్నా, ఇంక ఇనేదేముంది?” అన్నాడు. సార్ చెయ్యి చాపి, “ఇయ్యి సామీ, ఆ సర్టిఫికెట్‌ను గూడా యంత్రానికి బిగించి సూస్తాం” అన్నారు. ఆ పెట్టె అలాగే వెనక్కి పోయింది. అప్పుడు నాతో మెల్లగా అన్నారు. “కొండమీద యాడో ఒకడు సెట్ పట్టుకుని హలో, హలో అంటా ఉంటాడు. ఈడ మనకు ఇనపడకపోతే, ఆడ వాడు ఎవురికీ ఇనపడడు.”

“బ్యాటరీ అయిపోయిండొచ్చు గదా సార్” అన్నాను. సార్ నవ్వారు. ఆయన నవ్వితే చప్పుడు రాదు, భుజాలు మాత్రం కదులుతాయి. ఆయన భార్య పోయి చాలా ఏళ్లు. పూతలపట్టులో ఇంటికి పోతే మాట్లాడేవాళ్లు లేరు, పనిలో మాట్లాడే వీల్లేదు. మధ్యాహ్నం క్యారియర్ విప్పిన అరగంటే ఆయనకు దొరికే మాటలు, అవి నావి. ఆ భుజాలు కదలడం కోసం ముందురోజే జోకులు సిద్ధం చేసుకునేవాణ్ని.

మూడో ఏడు నా జోకులు పేలడం మానేశాయి. సరుకు పాతబడిందనుకుని కొత్తవి తెచ్చాను. అన్నిటికీ ఒకటే చిరునవ్వు, భుజాలు కదలవు. ఒకరోజు, మా నాయనను ఆసుపత్రిలో చేర్చాం సార్, అన్నాను. దానికీ అదే చిరునవ్వు నవ్వారు. అప్పుడర్థమైంది. అర్థమై నేను చేసింది ఏమిటంటే, ఏమీ లేదు.

ఆయనకు నాకంటే ముందే తెలుసు. ఒక ఉదయం చెడ్డ రిలేల డబ్బా నా ముందు పెట్టారు.

“మంచియ్యి ఆరు తీసుకో. నాలుగు సెడ్డవి కలుపు. ఏవో నాకు సెప్పొద్దు.”

తెరను గోడ వైపు తిప్పేశారు. కళ్లు మూసుకుని ఒక్కోటీ రెండుసార్లు విన్నారు. కొన్నింటిని పక్కన పెట్టి, హెడ్‌ఫోన్ తీశారు.

“ఎన్ని పట్టినాను?”

“నాలుగూ పట్టినారు సార్!” గట్టిగానే చెప్పాను.

ఆయన బల్ల వైపు చూశారు. “నేను పక్కన పెట్టింది మూడే కదప్పా.”

ఆ మూడింట్లోనూ ఒకటి మంచిది.

“సర్వీసు ఇంకా ఏడాదిన్నరే కదా సార్. తెరుండాది, నేనుండాను. ఎవురికి తెలుస్తాది?”

“నీకు తెలుస్తాది. ఈపొద్దు నాకు నాలుగన్నావు. రేపు సెడ్డ రిలేను గూడా మంచిదంటావు.”

తిరస్కరించినవి రాసే రిజిస్టరు తీశారు. వస్తువు అన్న చోట మునిరత్నం అని రాశారు. లోపం అన్న చోట: పెద్ద చప్పుళ్లు వినపడతాయి, చిన్నవి వినపడవు. పరీక్షించినవారి గడిలో సంతకం చేసి, సరిచూసినవారి గడి నా వైపు తిప్పారు.

“సార్, ఇది రిలేల రిజిస్టరు.”

“ఈ గదికి పనికిరానియ్యి యావైనా దీంట్లోనే రాయాల. పెట్టు.”

పెట్టాను. కాలేజీలో అందరి హాజరు సంతకాలూ చేసిన చేతికి ఆ రోజు సొంత సంతకం రాలేదు, వంకర పోయింది.

సార్‌ను స్టోర్సుకు మార్చారు. పక్క షెడ్డు యంత్రాల మోతలో కూర్చుని మరలూ నట్లూ ఇచ్చేవారు. మధ్యాహ్నాలు వెళ్లి అరిచి జోకులు చెప్పేవాణ్ని. అరిచి చెప్తే అది జోకు కాదు, రైల్వే ప్రకటన. తర్వాత రిటైరయ్యారు. ఫోన్ చేస్తే, “ఎవురూ?” అంటారు. నా పేరు మూడుసార్లు అరిచాక, “బాగుండావా అప్పా” అని పెట్టేస్తారు. మొన్న బస్సు ఆయన ఊళ్లోనే ఆగింది. దిగొచ్చు. దిగి ఏం చెప్పాలో తెలియక దిగలేదు.

ఇప్పుడు గదిలో నేనొక్కణ్నే. రెండో కుర్చీ ఎవరో పట్టుకుపోయారు. సరిచూసినవారి గడి సూపర్‌వైజరు సాయంత్రం అన్నిటికీ కలిపి ఒకేసారి నింపుతాడు, వినకుండానే. అందుకని పరీక్షించినవారి గడిలో నా సంతకం చేశాక హెడ్‌ఫోన్ తీసేస్తాను. బయటికి పోయి నీళ్లు తాగి వస్తాను. తిరిగొచ్చి ప్రతి రిలేనూ మళ్లీ మొదటి నుంచి వింటాను. ఎందుకంటే ఆ సంతకం పెట్టినవాణ్ని నేనెరుగుదును. మూడు చూసి నాలుగు అన్నవాడు వాడు.