సేటు డబ్బాలోని తప్పు బిళ్లలు

మొన్న హనుమకొండ చౌరస్తా దగ్గర నేనెక్కిన ఆటో ఒక శవయాత్రకు దారి ఇచ్చి ఆగింది. డప్పుల మోత అలవాటే. కానీ ఆ మోత మధ్య సిమెంటు రోడ్డు మీద చిల్లర పడ్డ చప్పుడు వినగానే ఆటోలోంచి తల బయటపెట్టి చూశాను. పేలాలతో కలిపి చల్లిన రూపాయి బిళ్ల ఒకటి దొర్లుకుంటూ వచ్చి ఆటో చక్రానికి ఆనుకుని పడిపోయింది. ఈ చప్పుడు ఎక్కడ విన్నా నాకు వీరేశం సేటు పోయిన రోజే గుర్తొస్తుంది. ఆ రోజు తగిలిన దెబ్బ నుంచి నేనింకా తేరుకోలేదు.

డిగ్రీ అయ్యాక వర్ధన్నపేట నుంచి రోజూ బస్సులో వచ్చి, వరంగల్ బజారులో ఆయన కిరాణా దుకాణంలో గల్లాపెట్టె దగ్గర కూర్చునేదాన్ని. సేటు పిసినారి అని బజారంతా అనుకునేది. అబద్ధమేమీ కాదు, టీలో చక్కెర ఎక్కువైతే కూడా బాధపడే మనిషి. అలాంటి మనిషి ఒక పొద్దున ఐదు రూపాయల బిళ్లను పట్టుకుని కొత్త పెళ్లికొడుకులా మురిసిపోతుంటే, ఈయనకేమైనా అయిందా అని భయపడ్డాను.

"రజితా, గీ బిళ్లను జర మంచిగ చూడు. ఏమన్న కనవడ్తాందా?"

"ఏముంది సేటూ, ఐదు రూపాయలు."

"నీ మొకం. సింహాలు నిలువుగ ఉన్నయి గదా? ఇగ పక్కకు తిప్పు, పుస్తకంల పేజీ తిప్పినట్టు."

తిప్పాను. వెనకవైపు ఐదు అంకె తలకిందులుగా ఉంది! మన బిళ్లను అలా తిప్పితే రెండో వైపు కూడా నిటారుగానే కనిపించాలట. టంకసాలలో ఒక అచ్చు తిరిగిపోయి బిగిస్తే ఇలా పుడతాయట. దేశం మొత్తానికి డబ్బు చేసే చోట కూడా తప్పు జరుగుతుందా అని నోరు తెరిచాను. అంతవరకూ నా చేతుల మీదుగా పోయిన చిల్లరలో ఇలాంటివెన్ని ఉన్నాయో అనుకున్నాను. ఆ రోజు నుంచి గిరాకీ తగ్గినప్పుడల్లా ఇద్దరం గల్లాలోని బిళ్లలు తిప్పుకుంటూ కూర్చునేవాళ్లం.

ఒకసారి తొర్రూరు దిక్కు నుంచి వచ్చిన పత్తి రైతు ఒకాయన అంచు కొరికినట్టున్న రెండు రూపాయల బిళ్ల తెచ్చాడు. ఫోన్‌లో వీడియో చూశాడట, లక్షలొస్తాయని ఆశ. సేటు బిళ్లను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశారు. "కాకా, ఇది టంకసాల తప్పు గాదు, ఆకురాయి పని. ఎవడో రాకిండు. అచ్చు పడకముందే రేకు తెగితే, ఆ అంచు కాడ అక్షరాలు సాగి పల్చగైతయి. దీనికి చూడు, అక్షరం కత్తితోని కోసినట్టు తెగింది" అని తన దగ్గరున్న అసలైన బిళ్లను పక్కన పెట్టి చూపించారు. రైతు తన బిళ్లను తీసి జేబులో వేసుకున్నాడు. సేటు ఆయనకు టీ తెప్పించారు, అదీ చక్కెర తగ్గించకుండా. రెండు వైపులా, అంచు చుట్టూ చూడకుండా దేన్నీ నమ్మకూడదనే బుద్ధి నాకు అక్కడే పట్టుబడింది.

దొరికినవన్నీ గద్దె కింద సొట్టపడ్డ బిస్కెట్ల డబ్బాలో దాచేవారు, రాత్రి దుకాణం మూశాక దాన్ని ఇంటికి తీసుకుపోయేవారు. ఒక్కటీ అమ్మలేదు. అన్నిటికన్నా ఆయనకు ప్రాణం, రెండు వైపులా సింహాలున్న రూపాయి. అంతకుముందు కొట్టిన బిళ్ల అచ్చుకే అంటుకుపోయి, దాని బొమ్మే దీని మీద దిగిందట. ఒకవైపు సింహాలు ఉబ్బెత్తుగా ఉంటే, రెండోవైపు గుంటగా, అద్దంలో చూసినట్టు ఉండేవి.

నేను వేరే ఉద్యోగంలో చేరిన కొన్నేళ్లకు సేటు పోయారని ఫోన్ వచ్చింది. నేను చేరేసరికే పాడె బజారు దాటింది. ముందు సేటు కొడుకు నిప్పుకుండ పట్టుకుని నడుస్తున్నాడు, వెనకాల సేటు తమ్ముడి కొడుకు పేలాలు, చిల్లర చల్లుతున్నాడు. అతని చంకలో ఉన్న సొట్ట డబ్బాను చూసి దగ్గరికి పరుగెత్తాను.

"తమ్మీ, ఆ డబ్బా ఎక్కడిది?"

"ఇంట్లదే అక్కా. ఇప్పుడు ఎవరికాడ చిల్లర ఉంటాంది? అందరు ఫోన్లనే పైసలు కొడ్తాండ్రు. ఇవి సెల్లని బిళ్లలని పెద్దమ్మనే తీసిచ్చింది."

అంటూనే ఇంకో గుప్పెడు గాల్లోకి విసిరాడు. ఆపమని అరవబోయి ఆగిపోయాను. శవం మీద చల్లుతున్న డబ్బును మళ్లీ ఇంటికి తీసుకుపొమ్మని ఏ నోటితో చెప్పను? పిల్లలు ఏరుకుని పరుగెత్తుతున్నారు. ఆయన జన్మంతా ఏరుకున్నది నా కళ్ల ముందే తలా ఒక జేబులోకి పోతోంది. వంగి, చేతికందిన ఒక్కదాన్ని పట్టుకున్నాను. రెండు వైపులా సింహాలు. నడిరోడ్డు మీద కూలబడి ఏడ్చాను.

దినాల నాడు ఆ బిళ్లను కొంగున ముడేసుకుని సేటు భార్య సుగుణమ్మ దగ్గరికి వెళ్లాను. బిళ్ల దొరికిన సంగతి చెప్పబోతే ఆమె తలుపు దగ్గరే ఆపేశారు.

"ఆయన మీద చల్లినదా? గట్లయితే గడప దాటియ్యకు బిడ్డా. నేనే బయటికొస్త."

అరుగు మీద కూర్చోబెట్టుకుని రెండు వైపులా చూపించాను. ఆమె వేలు పట్టుకుని ఆ గుంటను తడిమించాను. డబ్బా నిండా ఇలాంటివేనని, సేటు నాకూ ఆ పత్తి రైతుకూ ఇవెలా చూపించారో చెప్పాను. ఆమె ముఖం పాలిపోయింది.

"నేను సెల్లనియే అనుకున్న. డబ్బా ముట్టుకుంటె 'నీకు తెల్వదు, అటు పెట్టు' అనేటోడు. నాకు తెల్వదనే ఊకున్న."

డబ్బా పోయినందుకు ఏడుస్తారని చూశాను. ఆమె ఆ ఊసే ఎత్తలేదు.

"నీకు చూపిచ్చిండు. దుకాణంలకు వచ్చిన రైతుకు చూపిచ్చిండు. ఇంట్లున్నదాన్ని, నాకు ఒక్కనాడు చూపియ్యలే. చూపిస్తే నేను చూడకపోదునా రజితా?"

నాకు దిమ్మ తిరిగింది. చిల్లర రోడ్డు మీద పడ్డప్పుడు కూడా అంత కదిలిపోలేదు. నాకు చూడటం నేర్పిన మనిషి మీద అంతవరకూ లేని కోపం వచ్చింది, జాలీ వచ్చింది.

నాకు ఇప్పటికీ చిల్లర తిప్పి చూడనిదే పర్సులో వేసుకోవడం చేతకాదు. వింత ఏదైనా కనిపిస్తే మా ఆయనను పిలిచి చూపిస్తాను. ఆయనకు వీటి మీద ఆసక్తి లేదు, "ఊఁ, బాగుంది" అని మళ్లీ ఫోన్‌లో తల దూరుస్తాడు. ఒళ్లు మండుతుంది. 'నీకు తెలియదులే' అనే మాట నాలుక చివరిదాకా వస్తుంది. మింగేసి, బిళ్లను ఆయన చేతిలో పెట్టి మళ్లీ మొదటి నుంచి చెబుతాను.