కౌంటును దొర అన్నాను

అరవైల్లో నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో చరిత్ర చెప్పేదాన్ని. ఒక ఏడు చెరుకు ఆడే కాలానికి ముందు, చక్కెర ఫ్యాక్టరీలో కొత్త యంత్రాలు బిగించడానికి జర్మనీ ఇంజనీరు ఒకాయన వచ్చాడు. మా పెద్ద టీచరమ్మ ఆయన్ని బడికి పిలిచి, వాళ్ల ఊరి చరిత్ర చెప్పమని అడిగింది. ఆయన ఇంగ్లీషును తెలుగు చేసే పని నా మీద పడింది.

ముందు వరుసలో అతిథిగా మోస్రా వైపు పల్లె దొర కూర్చున్నాడు. జాగీర్లు పోయినా ఆయన మాటకు ఎదురు లేదు. మేము అద్దెకున్న ఇల్లు ఆయనదే. మా అమ్మ పక్షవాతంతో మంచంలో ఉంది, ఇల్లు మారే పరిస్థితి కాదు. ఆయనకు కొడుకులు లేరు, ఒక్కతే బిడ్డ. ఆ ఊసు ఆయన ముందు ఎవరూ ఎత్తేవారు కాదు.

ఇంజనీరు మొదలుపెట్టాడు. వందల ఏళ్ల కింద తమ ఊరిని కౌంట్లు ఏలారట. కొండ మీద కోట, కింద కొన్ని పల్లెలు, అంతే రాజ్యం. కౌంటుకు తెలుగేమిటో తోచక, "దొర" అనేశాను. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఇంజనీరు చెప్పుకుపోయాడు. చివరి కౌంటుకు కొడుకులు లేరు, ఒక్క కూతురే. ఆయన చనిపోతే వంశం ముగిసిందని, వంశం గుర్తున్న డాలును విరగ్గొట్టి సమాధిలో వేశారు.

అది తెలుగు చేయకుండా ఆగిపోయాను.

"ఆగినవేంది పంతులమ్మా? ఆయనేమన్నడో చెప్పు" అన్నాడు దొర.

"దొరా, అది..."

"ఉన్నది ఉన్నట్టు చెప్పు."

చెప్పాను. దొర తలపాగా సర్దుకున్నాడు.

"బిడ్డ ఉన్నంక వంశం ముగిసిందని ఎట్లంటరు? గా పిల్ల ఏమైందో అడుగు."

అడిగాను. తనకు తెలియదన్నాడు ఇంజనీరు. చిన్నప్పుడు బడిలో డాలు దాకానే చెప్పారట. దొర లేచి వెళ్లిపోయాడు.

ఆ వారమంతా వీధిలో బండి చప్పుడైతే చాలు, ఇల్లు ఖాళీ చేయమనడానికి వచ్చారనుకునేదాన్ని. ఒక పొద్దున నిజంగానే ఆయన జీపు గుమ్మం ముందు ఆగింది. దొర దిగాడు. వెనక నుంచి పన్నెండేళ్ల పిల్ల దిగింది.

"ఇంట్ల మున్షీ ఉర్దూ చెప్పిండు. ఇగ మీ బళ్ళె ఎయ్యాలె. నువ్వే సూసుకోవాలె" అన్నాడు.

నా భయం పోలేదు, తీరు మారింది: ఇప్పుడు ఆ పిల్లకేం తక్కువైనా జవాబు నాదే. పిల్లలెవరూ ఆమె పక్కన కూర్చోలేదు. దొర బిడ్డ చెయ్యి తగిలితే ఏమవుతుందోనని, దూరంగా ఉండమని ఇళ్లల్లో చెప్పి పంపారట. ఆమె తల వంచుకుని పలక మీద తెలుగులో తన పేరు రాస్తూ, చెరుపుతూ కూర్చుంది. చివరికి నేనే నా కుర్చీ ఆమె బల్ల దగ్గరికి జరుపుకుని పాఠం మొదలుపెట్టాను.