యొర్దాను ఎంత వెడల్పు?

మా నాయినకు బాగా తెలిసిన నది ఒక్కటే, మంజీర. అందుకని ఆయన ప్రసంగంలో యొర్దాను పొంగినప్పుడల్లా మా మంజీరే పొంగేది. ఎర్రటి నీళ్లు, సుడులు, కొట్టుకుపోయే బర్రెలు, వేర్లతో సహా తేలివచ్చే తుమ్మచెట్లు. కోతకాలంలో ఆ నది గట్లు దాటి పొర్లుతుందని బైబిలు గ్రంథంలో ఉన్న మాట నిజమే. బర్రెలు, తుమ్మచెట్లు మాత్రం నాయిన కలిపినవి.

ఆయన చర్చి పంతులు. మేం జహీరాబాద్‌లో ఉండేవాళ్లం. సైకిల్ మీద చిరాగ్‌పల్లి, మొగుడంపల్లి, ఇంకా ఆ చుట్టుపక్కల ఊళ్లకు పోయి ప్రార్థనలు నడిపేవాడు. ఎవరైనా చనిపోతే సమాధి దగ్గర మాట్లాడేది కూడా ఆయనే. అక్కడ యొర్దాను రాకుండా ఉండేది కాదు. ఇవతలి ఒడ్డున మనం, అవతలి ఒడ్డున పరలోకం, నడుమ ఆ నీళ్లు. నాయిన గొంతు పెంచి ఆ నీళ్లను వర్ణిస్తుంటే రోజంతా చెరుకు నరికే మొగవాళ్లు కూడా బిక్కచచ్చిపోయేవాళ్లు. చివర్లో ప్రభువు చెయ్యి పట్టుకుని దాటిస్తాడని గొంతు తగ్గించేవాడు. అప్పుడు అందరూ ఊపిరి పీల్చుకునేవాళ్లు, మా అమ్మ తప్ప.

అమ్మది మంజీర ఒడ్డున ఊరు. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు నది దాటించే పుట్టి తిరగబడి, కళ్లముందే వాళ్ల అక్క మునిగిపోయింది. ఆ తర్వాత పాదం తడిసేంత వాగు వచ్చినా అమ్మ చుట్టూ తిరిగి పోయేదే తప్ప దిగేది కాదు. చర్చి జాతరలో జనమంతా వాగులో స్నానం చేస్తుంటే, ఆమె ఒడ్డున కూర్చుని చెంబుతో పోసుకునేది. గోరంత వాగుకు కొండంత భయమని నాయిన ఎగతాళి చేసేవాడు. గోరంతను కొండంత చేసే విద్య ఈ ఇంట్లో ఎవరిదో ఊరందరికీ తెలుసని అమ్మ అనేది.

నేను బడిలో టీచరుగా చేరిన కొన్నేళ్లకు, ఎనభైలలో, అమ్మ కడుపులో గడ్డ బయటపడింది. హైదరాబాద్ పెద్ద దవాఖానలో చూసినవాళ్లు ఇంటికి తీసుకుపోయి, ఆమె ఏది తింటానంటే అది పెట్టమన్నారు. ఆ మాటకు అర్థం మాకంటే ముందు ఆమెకే తెలిసింది. సరిగ్గా అప్పుడే సంఘం పెద్దలు నాయినను బైబిలు దేశాల అధ్యయన యాత్రకు ఎంపిక చేశారు. చాలాకాలం సేవ చేసిన పంతుళ్లను అప్పుడప్పుడు అలా పంపేవాళ్లు. నాయినకు ఇంగ్లీషు రాదు, మోకాళ్లు పట్టేశాయి. తోడుగా ఒకరు పోవాలి. ఆ ఒకరు నేనే.

పోయేది లేదని నాయిన అన్నాడు. ఆయన అనకముందే నేను అన్నాను. అమ్మ మా ఇద్దర్నీ మంచం దగ్గరికి పిలిచింది.

"నాకు చావంటే ఫికర్ లేదు. అవుతల ప్రభువు ఉన్నడు, మా అక్క ఉన్నది. నడిమిట్ల నీళ్లంటేనే భయమైతుంది. నువ్వు పోయి చూసి రా. ఎంత వెడల్పున్నదో, ఎంత లోతున్నదో ఉన్నది ఉన్నట్టు చెప్పు. నీ ప్రసంగం నాకొద్దు."

నేను ఊరుకోలేక, అది నిజం నది కాదమ్మా, చావును పోల్చి చెప్పే మాట అని పాఠం మొదలుపెట్టాను. మీ నాయిన బర్రెలతో సహా చెప్తడు, నువ్వేమో ఉట్టి పోలికంటవు అని ఆమె గోడవైపు తిరిగి పడుకుంది.

పక్కింటి అక్క అమ్మను చూసుకుంటానంది. వాళ్లు బీదర్ వైపు నుంచి వచ్చి కిరాణా దుకాణం పెట్టుకున్నవాళ్లు. దుకాణంలో ఫోనుంది. ఆ ధైర్యంతో బయలుదేరాం. రోడ్డు మీద బొంబాయి పోయే లారీలను, బస్సులను చూస్తూ పెరిగినదాన్ని. ఎప్పుడెప్పుడు ఎక్కుతానా అని చిన్నప్పుడంతా తహతహలాడాను. తీరా ఎక్కిన రోజు, చిరాగ్‌పల్లి దాటకముందే దిగిపోవాలనిపించింది.

బొంబాయి నుంచి విమానంలో జోర్డాన్ దేశం చేరాం. మా గుంపులో అన్ని రాష్ట్రాల పంతుళ్లు, టీచర్లు ఉన్నారు. నడిపించేది ఒక దైవశాస్త్రం సారు. గైడూ ఆయనే, మేష్టరూ ఆయనే. బస్సు కదిలితే చాలు, మైకు పట్టుకుని ఇంగ్లీషులో పాఠం. ఏ మట్టిదిబ్బ కింద ఎన్ని ఊళ్లు ఒకదానిమీద ఒకటి ఉన్నాయో, ఏ రాజు ఏ గోడ కట్టాడో. అది నేను నాయిన చెవిలో తెలుగులో చెప్పాలి. ఒక్కోసారి సగమే చెప్పేదాన్ని. నా మనసంతా ఇంటి దగ్గర. అమ్మ గంజి తాగిందో లేదో, నొప్పి వచ్చినప్పుడు అక్క పక్కన ఉందో లేదో. హోటల్లో దిగగానే సామాను కూడా విప్పకుండా ఫోను దగ్గరికి పరుగెత్తేదాన్ని. లైను కలిసేది కాదు. కాలుగాలిన పిల్లిలా ఆ వరండాలో తిరుగుతుంటే తోటి యాత్రికులు పాపం భక్తి ఎక్కువనుకున్నారు.

ఒక పొద్దున అమ్మాన్ నగరం నుంచి సరిహద్దు దాటి యెరూషలేము వైపు బయలుదేరాం. రోడ్డు కిందికి, ఇంకా కిందికి దిగుతూనే ఉంది. చెవులు మూసుకుపోయాయి. ఎండ, ఉక్క. దారిలో ఆపి ఆపి పాస్‌పోర్టులు చూశారు. మా రెండూ నా చేతిలోనే ఉన్నాయి, చెమటకు తడిసి. నాయిన నా భుజం మీద తల వాల్చి, నోరు తెరిచి గురక పెడుతున్నాడు. కాసేపటికి బస్సు ఒక చిన్న ఇనుప వంతెన ఎక్కింది. చెక్కలు దడదడలాడాయి. రెండు పక్కలా తుపాకులు పట్టుకున్న సైనికులు. నేను ఆ తుపాకులనే చూస్తున్నాను. వంతెన కింద రెల్లుగడ్డి మధ్య సన్నటి మురికినీటి పాయ ఒకటి కనబడితే, ఏదో పొలం కాలువ అనుకున్నాను.

అవతలికి పోయాక సారు మైకులో చెప్పాడు, ఇప్పుడే యొర్దాను దాటామని. కొందరు చప్పట్లు కొట్టారు. నేను నాయినను కుదిపి లేపాను.

"యొర్దాను దాటినమంట నాయినా."

"ఎప్పుడు?"

"గిప్పుడే."

ఆయన వెనక్కి తిరిగి అద్దంలోంచి చూశాడు. దుమ్ము తప్ప ఏమీ లేదు. బస్సును ఒక్కసారి వెనక్కి తిప్పమని సారును అడగమన్నాడు. అడిగాను. అది సరిహద్దు, మా మొగుడంపల్లి బస్సు స్టేజీ కాదు. సారు నవ్వి, గలిలయ దగ్గర మళ్లీ వస్తుందిలే, ఆఖర్న అన్నాడు.

ఆ ఆఖరు వరకు నాయినను పట్టడం నా వల్ల కాలేదు. యెరూషలేములో ప్రభువు సమాధి చూపించారు, బేత్లెహేములో ప్రభువు పుట్టిన చోటు చూపించారు. జనం మోకాళ్లూని ఏడుస్తుంటే ఈయన, గలిలయ ఎల్లుండేనా, ఆవలెల్లుండా అని నన్ను గుచ్చిగుచ్చి అడిగేవాడు. ఉప్పు సముద్రంలో మా గుంపులోని ఒక లావుపాటి పంతులు వెల్లకిలా తేలుతుంటే అందరూ పడీపడీ నవ్వారు. నాయిన గట్టు మీద ముళ్లమీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. మేం దాటింది ఏదో చిన్న పాయ అయి ఉంటుందని, పెద్ద యొర్దాను ముందుందని తనకు తానే చెప్పుకునేవాడు. నాకు చిరాకెత్తేది. ఇక్కడి రాళ్లకు, గోడలకు ఇంత చరిత్ర చెప్తున్నారు, అక్కడ మా ఇంట్లో మంచం మీద మనిషి ఒక్కమాట కోసం చూస్తోంది, ఆ మాట తెలుసుకోవడానికి ఇన్ని చర్చిల చుట్టూ తిరగాలా అనిపించేది.

గలిలయ సముద్రం నుంచి నది బయటికి వచ్చేచోటికి చివరికి చేరాం. నీలగిరి చెట్ల నీడలో ఆకుపచ్చటి నీళ్లు. పారుతున్నాయో లేదో కూడా తెలియనంత నెమ్మది. దిగడానికి మెట్లు, పట్టుకోవడానికి కడ్డీలు. బాప్తిస్మానికి తెల్ల అంగీలు వేసుకున్నవాళ్లు నడుములోతులో నిలబడి పాటలు పాడుతున్నారు. అవతలి ఒడ్డున ఉన్నవాళ్లను పేరు పెట్టి పిలిస్తే పలికేంత దూరం.

"గింతేనా?" అన్నాడు నాయిన.

కొండను తవ్వి ఎలుకను పట్టినట్టయింది. పూర్వం ఇంకా పెద్దగా ఉండేదని, ఇప్పుడు నీళ్లు చేలకు మళ్లిస్తున్నారని సారు చెప్పాడు. నేను తెలుగులో చెప్పాను. నాయిన వినలేదు. కడ్డీ పట్టుకుని మెట్టుమెట్టు దిగి, నడుములోతు పోయి, అక్కడే నిలబడ్డాడు. చిన్న చేపలు ఆయన చుట్టూ తిరుగుతున్నాయి. ఎన్ని సమాధుల దగ్గర ఎంతమందిని భయపెట్టాడో అదంతా లెక్కకు వచ్చినట్టుంది, ముఖం చిన్నబోయింది. అంతవరకు ఆయన మీద ఉన్న విసుగంతా పోయి నాకు జాలి వేసింది.

తువ్వాలు ఇస్తూ, మంచిదే కదా నాయినా, అమ్మకు ధైర్యంగా చెప్పొచ్చు అన్నాను.

"నేను చెప్తె నమ్మదు బిడ్డా. భయం పోవాలని చిన్నగ చేసి చెప్తున్న అనుకుంటది. ఇన్నేండ్లు పెద్దగ చేసి చెప్పినోన్ని గద."

మరి సంఘంవాళ్లకు ఏం చెప్తావని అడిగాను. వంగి చెప్పులు వేసుకున్నాడు.

బొంబాయి బస్సు జహీరాబాద్‌లో ఆగేసరికి దండలు, డప్పులు సిద్ధంగా ఉన్నాయి. చుట్టుపక్కల ఊళ్లవాళ్లంతా వచ్చారు. కాశీకి పోయి వచ్చినవాళ్లకు చేసినట్టు నాయిన కాళ్లు కడిగి, ఊరేగింపుగా ఇంటికి తెచ్చారు. అమ్మ బతికే ఉందని దండ వేస్తూ ఎవరో చెబితే నా కాళ్లలోకి ప్రాణం వచ్చింది. వాకిట్లో చాపలు పరిచారు. యొర్దాను ఎట్లున్నది పంతులూ అని ఒక ముసలామె అడిగింది. నాయిన ఆ ముఖాలన్నీ చూశాడు. నోరు తెరిచాడు. ఇంకేముంది, పాత గొంతే పైకి లేచింది. ఎర్రటి నీళ్లు, సుడులు. బర్రెలు కూడా వచ్చేశాయి.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. లోపలికి పోయాను. అమ్మ మంచం కిటికీ పక్కనే ఉంది. మనిషి సగమైంది. పక్కింటి అక్క చెంచాతో గంజి పోస్తోంది. బయటి మాట ప్రతిదీ లోపలికి వినబడుతోంది. అమ్మ నా ముఖం వైపు చూసింది. కిటికీ చువ్వను పట్టుకున్న ఆమె వేళ్లు బిగుసుకుపోయాయి. నేను కిటికీ మూయబోతే అక్క అడ్డుపడి, ఉక్కపోస్తుంది, ఉండనీ అంది.

జనానికి చాయ్ ఇచ్చి పంపించేసి నాయిన లోపలికి వచ్చాడు. మంచం అంచున కూర్చున్నాడు.

"బయట చెప్పింది విన్న" అంది అమ్మ. "గదేనా?"

"అది వాళ్లకు చెప్పిన."

"మరి నిజమేంది?"

నాయిన తన మోకాళ్లను రుద్దుకున్నాడు. మెట్ల సంగతి, చేపల సంగతి, నడుములోతు సంగతి చెప్తాడనుకున్నాను. అవేవీ చెప్పలేదు.

"నేను చూడనే లేదు. బస్సుల నిద్రపోయిన. లేచేవరకు అవుతల ఉన్న. దాటినట్టే తెల్వలే."

అమ్మ నావైపు తిరిగింది. నిజమేనని చెప్పాను. నా భుజం మీద నోరు తెరుచుకుని గురక పెట్టాడని, నేను మెలకువగా ఉండి కూడా అది యొర్దానని గుర్తుపట్టలేదని, పొలం కాలువ అనుకున్నానని చెప్పాను. అమ్మ కడుపు పట్టుకుని నవ్వింది. నవ్వితే నొప్పి, అయినా నవ్వింది. సిగ్గులేదా, గంత దూరం పోయి పండుకుంటవా అంది. నాయిన తల ఎత్తలేదు. ఆయన కల్పించి చెప్పదలుచుకుంటే తనను తాను ఇంత చిన్నగా కల్పించుకునే మనిషి కాదు. అది ఆమెకు మాకంటే బాగా తెలుసు. కాసేపటికి నవ్వు ఆగింది. కిటికీ చువ్వను వదిలేసి చెయ్యి దుప్పటి మీద పెట్టుకుంది.

"అట్లయితే, నాకు నిద్రవడితే లేపకుండ్రి" అంది.

సమాధుల దగ్గర నాయిన యొర్దాను ఆ తర్వాత కూడా పొంగింది, కొంచెం తక్కువగా. దాని గురించి మేం మళ్లీ మాట్లాడుకోలేదు. రాత్రుళ్లు అమ్మను ఉలిక్కిపడి లేపే నీళ్ల కలలు మాత్రం ఆగిపోయాయని అక్క చెప్పింది.

చెరుకు బండ్లు రోడ్డు పొడుగునా బారులు తీరిన కాలం అది. ఒక మధ్యాహ్నం అమ్మ గంజి తాగి కళ్లు మూసుకుంది. మందు వేళయింది. నేను గదిలోకి, వాకిట్లోకి తిరుగుతూనే ఉన్నాను. అక్క మందు గిన్నె పట్టుకుని వచ్చి అమ్మ భుజం మీద చెయ్యి వేయబోయింది. నాయిన ఆ చెయ్యి పట్టుకుని ఆపాడు. నేను వచ్చి ఆయన పక్కన కూర్చున్నాను. అమ్మ ఊపిరి మెల్లమెల్లగా దూరమవుతూ ఉంది. అమ్మా అన్న పిలుపు నా నోటిదాకా వచ్చింది. మేం ఆమెను లేపలేదు.