ద్రాక్షతోటలో తెరుచుకున్న నా నోరు

సహోదరీ సహోదరులారా, తాడేపల్లిగూడెంలో మా వీధివాళ్ళు చాలామంది నన్ను మూగపిల్లనే అనుకునేవారు. మూగ కాదండీ, నత్తి! సండేస్కూల్లో కంఠత వాక్యం చెప్పమంటే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయేదాన్ని, పిల్లలు నవ్వేవారు, ఆ నవ్వుకు భయపడి మెల్లమెల్లగా మాట్లాడటమే మానేశాను. బస్సు కండక్టరుకు ఏలూరు అని చెప్పలేక చీటీ మీద రాసి చూపించేదాన్ని. ఏలూరులో ఎం.బి.ఏ. చేరాక, మౌఖిక పరీక్ష రోజున ఒక్క మాటా పెగలక ఏడుస్తూ బయటికి వచ్చేశాను. చదువు మానేస్తానని కాగితం మీద రాసి అమ్మకిచ్చాను. అంత చీకటి నాది!

అమ్మ అది చదివి, నన్ను పక్కన మోకరించమని, "ప్రభువా, దీని నోరు నువ్వు చేసిందే కదా, నువ్వే తెరువు తండ్రీ" అని ప్రార్థించింది. నాకైతే కోపమే వచ్చింది, ఇన్నేళ్ళుగా అడుగుతూనే ఉన్నాం కదా అని!

అయినా అమ్మ మాట కాదనలేక చదువు మానలేదు. కొన్నాళ్ళకి చివరి సెమిస్టర్ ప్రాజెక్టుకి దక్షిణాఫ్రికాలో చోటుందన్నారు. రాతపరీక్ష పెట్టారు కాబట్టి నాకు వచ్చింది! తీరా చూస్తే అది ద్రాక్షారసం, అదే వైను, తయారుచేసే కంపెనీ! సంఘంలో ఒక పెద్దావిడ, "ఏవండీ పాస్టరుగారూ, మన పిల్ల సారా కంపెనీకి వెళ్ళడం ఏంటండీ?" అని నిలదీశారు. పాస్టరుగారు నవ్వి, "రాజుగారి ఇంట్లో ఉండి కూడా దానియేలు ఆయన ద్రాక్షారసం ముట్టకుండా కూరగాయలే తిన్నాడు కదండీ! వెళ్ళనివ్వండి" అన్నారు.

అక్కడ యజమానురాలు ఎల్సా గారని అరవై ఏళ్ళావిడ. వ్యాపారం పెరుగుతోంది, విదేశాల నుంచి ఆర్డర్లు, అందరూ పరుగులే. కొన్నవాళ్ళు రాసిన ఫిర్యాదులు ఫైలు చెయ్యడం నా పని. బిరడాలు పైకి పొంగి సీసాలు కారుతున్నాయని ఉత్తరాలు! తప్పంతా బిరడాలు బిగించే మిషను చూసే పీటర్‌దేనని, అతన్ని తీసేద్దామనుకున్నారు. రోజూ నాకు గుడ్ మార్నింగ్ చెప్పి, నా జవాబు వచ్చేదాకా ఓపిగ్గా నిలబడే మనిషి ఆయన!

ఆ ఉత్తరాలన్నీ, లారీలు బయల్దేరిన చీటీలూ పక్కపక్కన పెట్టి చూస్తే, కారిన సీసాలన్నీ మధ్యాహ్నం దాటాక బయల్దేరిన లారీలవే. పెరట్లోకి వెళ్ళి చూశాను. లారీ కాగితాలు సిద్ధం కాక పెట్టెలు పొద్దుటి నుంచీ మండుటెండలో ఉన్నాయి! ఆ వేడికి లోపలిది పొంగి బిరడాలను పైకి తోసేస్తోందన్నమాట. మా నాన్నగారు కొల్లేరు చెరువుల దగ్గర చేపలకు ఐసు వేసి లారీలకెక్కించే మేస్త్రీ. ఆయన చూస్తే కేకలేసేవారే!

అంతా కాగితం మీద రాసుకుని మీటింగుకు వెళ్ళి ఎల్సా గారి ముందు పెట్టాను. ఆవిడ కాగితం నా వైపే జరిపి, "నువ్వే చెప్పమ్మా, మేం వింటాం" అన్నారు. "ప్రభువా, నన్ను చూసి నవ్వితే నవ్వనీ, పీటర్ ఉద్యోగం మాత్రం పోనివ్వకు" అని లోలోపల అనుకుని లేచాను. ఎండ అనే ఒక్క మాట ఇంగ్లీషులో చెప్పడానికే నాలుగుసార్లు తడబడ్డాను. ఒక్కరూ నవ్వలేదు! ఇక ఆగలేదు సహోదరులారా, తడబడుతూనే, మా నాన్నగారు లారీ వచ్చేదాకా చేపల ట్రేలు నీడలోంచి కదపనివ్వరనీ, కాగితాలు ముందురోజే రాయించి పెడతారనీ అన్నీ చెప్పేశాను!

ఎల్సా గారు నేరుగా పెరట్లోకి వెళ్ళి ఒక పెట్టె తెరిచి, సీసా పట్టుకుని, "అయ్యో, పొయ్యి మీంచి దించినట్టుందే!" అన్నారు. పీటర్ ఉద్యోగం నిలబడింది. పెట్టెలకు షెడ్డు వేశారు, ఫిర్యాదులు ఆగాయి. నా వీడ్కోలు విందులో అందరి గ్లాసుల్లోనూ ద్రాక్షారసం పోసి, నాకు మాత్రం అప్పుడే పిండిన ద్రాక్షపళ్ళ రసం ఎల్సా గారే స్వయంగా తెచ్చిచ్చారు. పాస్టరుగారికి ఆ సంగతి మొదట చెప్పింది నేనే, నా నోటితోనే!

తిరిగొచ్చి, అప్పుడు ఏడుస్తూ వదిలేసిన ఆ మౌఖిక పరీక్ష పూర్తి చేశాను. ఇప్పుడు ఒక కోల్డ్ స్టోరేజిలో ఉద్యోగం, పొద్దస్తమానం ఫోన్లలో మాట్లాడటమే పని! నత్తి పోలేదండీ, ఈ కాసేపట్లో నేనెన్నిసార్లు ఆగానో మీరే విన్నారు. పోయింది నా భయం. ఆ మహిమ అంతా దేవునికే!

మీలో ఎవరైనా, నాకు ప్రార్థన చెయ్యడం రాదు, మాటలు రావు అని వెనకాడుతుంటే, సగం మాటతోనైనా ఆయన దగ్గరికి రండి. ఆయన తొందరపెట్టడు. మీరు పూర్తి చేసేదాకా వింటాడు.