అయిదో మేకు

మా నాన్న జట్టు పేర్లను ఏనాడూ నోటితో చదవలేదు. పోటీలకు బయలుదేరే ముందు రోజు పొద్దున్న మా వరండా గోడకు అయిదు బ్యాట్లు వేలాడుతూ ఉండేవి. ఎవరి బ్యాట్ మేకుకు ఉంటే వాళ్ళు ఆడతారు. మిగతావాళ్ళు బల్ల మీదున్న తమ బ్యాట్ తీసుకుని ఇంటికి వెళ్ళిపోవాలి. ఎందుకని అడిగేది లేదు, బతిమాలేది లేదు. క్వార్టరు నా పేరున ఉంది, రైల్వే ఆఫీసులో నేను ఉద్యోగం చేస్తున్నందుకు ఇచ్చినది. ఆ గోడ మాత్రం ఆయనదే.

ఖరగ్‌పూర్ న్యూ సెటిల్‌మెంట్‌లో మా తెలుగువాళ్ళకు బాల్ బ్యాడ్మింటన్ అంటే ప్రాణం. పసుపు రంగు ఉన్ని బంతి, మట్టి కోర్టు, ఇటు అయిదుగురు, అటు అయిదుగురు. మా తాతల తరం వాళ్ళు కోస్తా నుంచి రైల్వే పనికి వస్తూ మూటాముల్లెతో పాటు ఈ ఆటను కూడా తెచ్చుకున్నారు. మా చుట్టుపక్కల బెంగాలీలు దీన్ని కాసేపు నిలబడి చూసి, ఫుట్‌బాల్‌కు వెళ్ళిపోతారు. అందుకని ఈ ఆటలో బెంగాల్ జట్టు అంటే చాలా ఏళ్ళు మా వీధి జట్టే. కలకత్తా నుంచి రాష్ట్ర ఆట సంఘం పెద్దలు ఫోన్ చేసి "ఆప్ హీ దేఖ్ లీజియే దాదా" అనేసేవారు. వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన నాన్న చూసుకునేవాడు. వయసులో నేనూ ఆ జట్టులో ఆడాను. ఇప్పుడు మా అమ్మాయి ఆడుతోంది.

బ్యాట్‌కు గట్టింగు వెయ్యడం నాన్నకు పూజ లాంటిది. మేము చర్చికి వెళ్ళే వాళ్ళమే అయినా ఆ మాటే అనాలి. నైలాన్ దారాన్ని లాగి, బిగించి, గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకుని వింటాడు. నచ్చకపోతే మొత్తం విప్పేస్తాడు. పోటీకి వెళ్ళే అయిదు బ్యాట్లకే ఆయన చెయ్యి పడుతుంది. తక్కినవాళ్ళు బజారులో వేయించుకోవాల్సిందే. మా జట్టులో సగం మంది గుడికి వెళ్తారు, సగం మంది చర్చికి. ఆదివారం ప్రార్థన అయ్యేదాకా ఆట మొదలుకాదు, గుడిలో ఉత్సవమొస్తే ఆ రోజు కోర్టులో పందిరి పడుతుంది. ఈ సంగతి చెప్పేటప్పుడు నాన్న ఛాతీ కాస్త ముందుకొచ్చేది. నాకూ గర్వంగానే ఉండేది.

ఆయన చెప్పే కథ ఇంకొకటి ఉంది. ఇంట్లోనే చెప్పేవాడు, అది మాకు కంఠతా వచ్చు.

కుర్రతనంలో నాన్న ఫుట్‌బాల్ ఆడేవాడు. టౌనులో ఒక క్లబ్బు వాళ్ళు ఆయన పరుగు చూసి పిలిచి తీసుకున్నారు. గట్టు మీద కూర్చున్నవాళ్ళు "ఏయ్ కాలా", "ఏయ్ మద్రాసీ" అని అరిచేవారట. అరవనీ, గోల్ కొడితే వాళ్ళే చప్పట్లు కొడతారు కదా అనుకునేవాడట. ఆ ఏడు క్లబ్బు ఫైనల్‌కు వచ్చింది. ముందు రోజు సెక్రటరీ ఈయన భుజం మీద చెయ్యి వేసి, టీ కొట్టుకు తీసుకెళ్ళి, తన చేత్తో గ్లాసు అందించాడు. "ఈసారికి కాదులే బాబూ. ఫైనల్ కదా, మావాళ్ళందరూ చూడ్డానికొస్తారు. వచ్చే ఏడు చూద్దాం" అన్నాడు. నాన్న స్థానంలో సెక్రటరీ మేనల్లుడు ఆడాడు. నాన్న మళ్ళీ ఫుట్‌బాల్ ముట్టుకోలేదు. కథ చివర ఎప్పుడూ ఒకటే మాట అనేవాడు. "కొడితే కొట్టొచ్చును. తిడితే తిట్టొచ్చును. టీ ఇచ్చి పంపిస్తే ఏటి సేస్తావు?"

సాలువా పిల్ల మా కోర్టుకు వచ్చేనాటికి తొమ్మిదో తరగతిలో ఉండేది. సాలువాలో సాయుధ పోలీసుల క్యాంపు ఉంది. అక్కడ జవాన్లలో చాలామంది గూర్ఖాలు, తాతల కాలం నుంచి ఇక్కడే స్థిరపడ్డవాళ్ళు. ఈ పిల్ల తండ్రి కూడా జవానే. మా అమ్మాయితో పాటు చదువుకునేది, ఒకరోజు దాని వెంట ఆట చూడ్డానికి వచ్చింది. మర్నాడు సైకిల్ మీద తనంతట తానే వచ్చి, ఎవరూ చెప్పకుండానే కోర్టు ఊడ్చి, నీళ్ళు చల్లింది. ఎడమచేతి వాటం. ముందు వరసలో ఎడమ మూల నిలబడితే ఆ పక్కకు బంతి వెయ్యడానికి ఎవరికీ ధైర్యం చాలేది కాదు. మా దగ్గరే నేర్చుకుంది కాబట్టి పాయింట్లు తెలుగులోనే లెక్కపెట్టేది, అదీ మా యాసలో. నాన్నను తాతా అనేది, నన్ను ఆంటీ అనేది. నాన్నకు ఆ పిల్ల అంటే ఎంత ముద్దో నాకు తెలుసు. "దాని మణికట్టు సూడే, నీకు నేదు అలాటిది" అని నన్నే దెప్పేవాడు.

ఆ పిల్ల రోజూ ప్రేమ్ బజార్ మీదుగా రావాలి. అక్కడ హోటళ్ళ ముందు పనిలేక కూర్చునేవాళ్ళు ఆ మొహం చూసి "ఏయ్ చైనా" అనేవారు. మహమ్మారి రోజుల్లో ఒకడు ముక్కు మూసుకుని పక్కకు గెంతాడట. ఇంకొకడు "మీ దేశం ఎప్పుడెళ్తావు?" అని అడిగాడట. మా అందరిలాగే అది కూడా ఈ మట్టిలోనే పుట్టింది, ఏ దేశం వెళ్తుంది? ఇవన్నీ మా అమ్మాయికి చెప్పుకునేది, నాకు మా అమ్మాయి చెప్పేది. ఆ పిల్లకు ఒకటే కోరిక. వీపు మీద బెంగాల్ అని రాసి ఉన్న జెర్సీ వేసుకుని, ప్రేమ్ బజార్ నడిమధ్య నుంచి, నెమ్మదిగా సైకిల్ తొక్కుకుంటూ ఒక్కసారి వెళ్ళాలి.

ఆ ఏడు జాతీయ పోటీలు కోస్తాలో ఒక ఊళ్ళో పెట్టారు. మా నాన్న పుట్టిన ఊరికి ఆ ఊరు దగ్గరే, మా మేనత్త అక్కడే ఉంటుంది. కబురు తెలిసిన రోజు నుంచి నాన్న మనిషి మనిషిలా లేడు. మనోల్లు సూస్తారు, మనోల్లు సూస్తారు అని ఒకటే జపం. ఇంతకాలం ఎక్కడో బెంగాల్లో పడి ఉన్నా ఆటనూ భాషనూ పోగొట్టుకోలేదని తన వాళ్ళ ముందు చూపించాలి. నడవలేని రోజులు వస్తున్నాయి, ఇదే ఆఖరి ప్రయాణమేమోనని ఆయనకూ ఉంది.

బయలుదేరే ముందు రోజు పొద్దున్న గోడ చూశాను. నాలుగు మేకులకు మేము అనుకున్న బ్యాట్లే ఉన్నాయి. అయిదో మేకుకు మా అమ్మాయిది ఉంది. సాలువా పిల్ల బ్యాట్ గట్టింగు లేకుండా బల్ల మీద ఉంది. కన్నతల్లిని కదా, ఒక్క క్షణం సంతోషం కలిగిన మాట నిజం. ఆ వెంటనే చూపు మళ్ళీ బల్ల మీదికే పోయింది.

ఆ పిల్ల సైకిల్ స్టాండు వేసి వచ్చింది. గోడ చూసింది, బల్ల చూసింది. నాన్న లోపలికి వెళ్ళి తనే టీ తెచ్చి దాని చేతికిచ్చాడు.

"తాతా, నాది ఎయ్యలేదేటి?" అంది.

"ఈసారికి కాదులేమ్మా. మన ఊరు కదా, మనోల్లందరూ సూడ్డానికి వస్తారు. వచ్చే ఏడు సూద్దాం."

"ఠీక్ హై తాతా" అంది. టీ మొత్తం తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బల్ల మీది బ్యాట్ తీసుకుంది. పోయే ముందు కోర్టుకు నీళ్ళు చల్లే బకెట్ నింపి పెట్టింది.

నాకు ఒళ్ళు మండిపోయింది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని ఆఫీసంతా ఎరుగుదురు. "నాన్నా, నీకు ఆ సెక్రటరీ సెప్పిన మాటే కదేటి నువ్వు సెప్పినావు? టీతో సహా" అన్నాను.

"అదీ ఇదీ ఒకటేనా?" అన్నాడు.

"కాదేటి? ఆడి మేనల్లుడు, నీ మనవరాలు."

మా అమ్మాయి గడప మీద కూర్చుని ఉంది. "తాతా, ఆ మూలలో నేను ఆడలేను. నాకు తెల్సు" అంది తల ఎత్తకుండా.

"ఆడతావు" అన్నాడు దానితో. తరవాత నా వైపు తిరిగాడు. నన్ను తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "తక్కినోల్లకి ఫుట్‌బాల్ ఉంది, క్రికెట్ ఉంది, ఊరూరా క్లబ్బులున్నాయి. మనకి ఇంత దేశంలో ఇదొక్కటే కదే ఉన్నాది. ఇది కూడా పంచీసుకుంటే మనకేటి మిగులుతాది?" అన్నాడు.

"ఆ పిల్లకి ఏటి ఉన్నాది నాన్నా?" అన్నాను.

ఆయన బ్యాట్లను ఒక్కొక్కటే సంచిలో సర్దడం మొదలుపెట్టాడు. నేను ఆ రోజంతా ఆయనతో మాట్లాడలేదు. రైలెక్కాక మాత్రం మాట్లాడక తప్పుతుందా, మందులు వేళకు ఇవ్వాలి కదా.

ఆ ఊళ్ళో గ్రౌండు గేటు దగ్గర నిలబడ్డ కుర్రాడు మా జెర్సీలు చూసి "బెంగాలీ టీమ్ అటు సైడండీ" అన్నాడు. నాన్న నవ్వి "మేమూ తెలుగోల్లమే బాబూ" అన్నాడు. ఆ కుర్రాడికి వినబడలేదో, పట్టలేదో. ఆట మొదలయ్యాక మా పిల్లలు ఒకరినొకరు తెలుగులో పిలుచుకుంటుంటే జనం నవ్వడం మొదలుపెట్టారు. వెక్కిరింపు కాదు, వింత. ఒకావిడ నా పక్కనే కూర్చుని "ఈ బెంగాలీ పిల్లలు అచ్చం మన పిల్లల్లాగే ఉన్నారే" అంది. నేను ఏమని చెప్పను?

మా అమ్మాయి ఒళ్ళు దాచుకోకుండా ఆడింది. కానీ ఎదటివాళ్ళు కాసేపట్లోనే పసిగట్టేశారు. ఇక బంతులన్నీ ఆ ఎడమ మూలకే. మొదటి ఆటలోనే ఓడి బయటికొచ్చాం. మా మేనత్త ఆటోలో వచ్చి, పిల్లలందరికీ పూతరేకులు పంచి, నాన్నను పట్టుకుని ఏడ్చింది. ఆయన కళ్ళూ తడిశాయి. అదొక్కటే ఆ ప్రయాణంలో ఆయన అనుకున్నట్టు జరిగింది.

సాయంత్రం నిర్వాహకుల్లో ఒక పెద్దమనిషి మర్యాదగా మా బస దగ్గరికి వచ్చాడు. నాన్నకు కుర్చీ వేయించి, టీ తెప్పించాడు. "మీ అమ్మాయిలకి తెలుగు భలే వచ్చండీ. బెంగాలీలై ఉండి ఎక్కడ నేర్చుకున్నారు? కొంచెం యాస ఉందనుకోండి, అయినా మెచ్చుకోవాలి" అన్నాడు. నిజంగా మెచ్చుకోవడానికే వచ్చాడు ఆయన, అందులో కల్మషం లేదు. నాన్న చేతిలో టీ చల్లారిపోయింది. నాకు అప్పటిదాకా ఉన్న కోపమంతా ఎటు పోయిందో తెలియదు, ఆయన మొహం చూస్తే ఏడుపొచ్చింది.

ఖరగ్‌పూర్ వచ్చిన మర్నాడే నాన్న బజారు నుంచి మంచి రకం నైలాన్ దారం, ఒక కొత్త బ్యాట్ కొని తెచ్చాడు. వరండాలో కూర్చుని గట్టింగు వేశాడు. మీటాడు, విన్నాడు, విప్పేశాడు, మళ్ళీ వేశాడు. దాన్ని అయిదో మేకుకు తగిలించాడు. సాలువా పిల్ల ఆ వారం రాలేదు. పై వారమూ రాలేదు. చివరికి "పద" అన్నాడు నాతో. మా అమ్మాయి తన జెర్సీ ఉతికి మడిచి నా చేతికిచ్చింది, దానికి ఇవ్వమని.

సాలువాలో క్యాంపు దాటాక వాళ్ళ ఇల్లు. ఆ పిల్ల తండ్రి ఎదురొచ్చి "ఆయియే బాబూజీ" అని మంచం మీద దుప్పటి సరిచేసి కూర్చోబెట్టాడు. పిల్ల అప్పుడే పరుగు నుంచి వచ్చింది, చెమటతో ఉంది. పోలీసు ఉద్యోగాల భర్తీకి సిద్ధమవుతోందని, పొద్దునా సాయంత్రమూ పరుగేనని తండ్రి చెప్పాడు. ఆ పిల్ల మమ్మల్ని చూసి ఎప్పటిలాగే నవ్వింది. ఆ నవ్వులో ఏమైనా తేడా ఉందేమోనని వెతికాను, లేదు. లోపలికి వెళ్ళి టీ పెట్టుకొచ్చి ముందు నాన్నకు ఇచ్చింది.

నేను జెర్సీ ఇచ్చాను. విప్పి, వీపు మీది అక్షరాలను అరచేత్తో ఒకసారి తడిమి, మడత చెడకుండా నాకు తిరిగిచ్చేసింది.

"ఆడకుండా ఏసుకుంటే ఎలగ ఆంటీ?" అంది.

నాన్న బ్యాట్ దాని ముందు పెట్టాడు. "ఎల్లుండి నుంచి రామ్మా. నీ మూల నీకే ఉంచినాను" అన్నాడు.

ఆ పిల్ల దారాన్ని గోటితో మీటి, నాన్నలాగే చెవి దగ్గర పెట్టుకుని విన్నది. "బాగుంది తాతా" అంది. బ్యాట్‌ను మెల్లగా ఆయన పక్కన ఆనించింది. "ఈసారికి కాదులే తాతా. వచ్చే ఏడు సూద్దాం."

అందులో దెప్పిపొడుపు ఏమీ లేదు. ఆ ఫుట్‌బాల్ కథ ఆ పిల్లకు తెలియదు, ఎవరమూ చెప్పలేదు. పెద్దవాళ్ళను నొప్పించకుండా కాదనడానికి మా దగ్గర విన్న మాట అదొక్కటే, అదే అంది. నాన్న గ్లాసు రెండు చేతులతో పట్టుకున్నాడు. తరవాత తాగాడు, అడుగంటా తాగాడు.

ఆ బ్యాట్ ఇప్పటికీ మా వరండాలో అయిదో మేకుకు ఉంది. దారం వదులైనప్పుడల్లా నాన్న విప్పి మళ్ళీ బిగిస్తాడు. మొన్న కోర్టులో కొత్త పిల్లలు, మా అమ్మాయి దగ్గర విన్నారో ఏమో, ఆయన చుట్టూ చేరి "తాతా, నీ ఫుట్‌బాల్ కత సెప్పవా" అని అడిగారు. ఆయన నా వైపు చూశాడు.

"ఏ కతమ్మా? నాకు గుర్తు నేదు" అన్నాడు.