మొదటి పోస్టు దగ్గర మనిషి

మా ఊళ్ళో పొగడటం పాడు అలవాటు కింద లెక్క. ఎవడైనా కాస్త తలెత్తితే "మామూలుగా ఉండవోయ్, అదే ఎక్కువ" అంటాం. నేల కూడా అంతే, ఎక్కడా తలెత్తదు. బొగ్గులా మండే మట్టిని తాతలు తవ్వి పొయ్యిల్లో కాల్చుకోగా మిగిలిన నల్ల నేల, దాని మీద స్కేలు పెట్టి గీసినట్టు కాలువలు, మిగిలినదంతా ఆకాశం. ఆకులు రాలే కాలంలో బంగాళాదుంపల పిండి ఫ్యాక్టరీ వాసన ఊరంతటినీ తడి దుప్పటిలా కప్పేస్తుంది. ఇంత చదునులో పొడుగ్గా పెరిగినవాడు లామెర్ట్ ఓస్టింగ్ ఒక్కడే.

పద్నాలుగో ఏటికే వాడు గుమ్మాల కింద వంగడం నేర్చుకున్నాడు. వంగనక్కర్లేని చోట ఫుట్‌బాల్ ఆడాడు. గాల్లో వచ్చే బంతి వాడి నుదుటిని వెతుక్కుంటూ వచ్చేది, సాయంత్రం పక్షి తన కొమ్మను వెతుక్కున్నట్టు. పందొమ్మిదో ఏట మా క్లబ్బు మొదటి జట్టులోకి తీసుకున్నారు. తొలి మ్యాచ్‌లోనే మూడు గోల్స్. ఆ సాయంత్రం ఇంట్లో బల్ల మీద ఆకుకూర కలిపి మెదిపిన దుంపలు పొగలు కక్కుతున్నాయి. పిండి ఫ్యాక్టరీలో పనిచేసే తండ్రి హిండ్రిక్ చాలాసేపు నమిలాడు.

"మూడోది గోల్‌కీపర్ చేతకానితనం," అన్నాడు. "ఆ సాసేజ్ ఇటు జరుపు."

తర్వాత పడమటి వైపు పెద్ద నగరంలో పెద్ద క్లబ్బు పిలిచింది. రెండు సీజన్లు ఉన్నాడు. అక్కడివాళ్ళు వాడి యాసను వాడి ముందే అనుకరించి నవ్వేవాళ్ళు. ఆడించింది తక్కువ, కూర్చోబెట్టింది ఎక్కువ. తిరిగొచ్చిన మర్నాడు రొట్టెకి వెళితే, బేకరీ యాన్నెస్ కౌంటరు మీదికి వంగాడు.

"ఏం లామెర్ట్, బెంచీ మెత్తగా ఉందా అక్కడ? తరవాతివాడికి వెచ్చచేసి పెట్టొచ్చావా?"

కొట్లో అందరం నవ్వాం. వాడూ నవ్వాడు. రొట్టె తీసుకుని, గుమ్మం కింద వంగి వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత వాడు మావాడే. రెండో డివిజన్‌లో, వానలో, గాలిలో, ఏళ్ళకేళ్ళు. ముక్కు పగిలింది, మళ్ళీ పగిలింది. ముందు పళ్ళు రెండు గ్రోనింగెన్ నగరంలో, మైదానం గడ్డి మీద రాలిపోయాయి. స్ట్రైకర్‌గా గోల్స్ కొట్టడం ఒక పని. అవతలివాళ్ళకి కార్నర్, అంటే మైదానం మూల నుంచి బంతి కొట్టే వంతు, వచ్చినప్పుడు మన గోలు దాకా పరుగెత్తుకొచ్చి, ఆ మూలకి దగ్గరున్న గోలు స్తంభం, అదే మొదటి పోస్టు, దాని దగ్గర నిలబడి, తలతో బంతిని బయటికి కొట్టడం రెండో పని. ఈ రెండో పనికి పేపర్లో పేరు రాదు. ఆ చోట వాడు దీపస్తంభంలా నిలబడేవాడు. దీపస్తంభాన్ని ఎవరు చూస్తారు?

చప్పట్లకి మా దగ్గర ఒకటే వేళ. మ్యాచ్ గెలిచేశాం అనుకున్నాక, ఇంకొద్ది నిమిషాల్లో ఆట ముగుస్తుందనగా, ట్రైనర్ బాగా ఆడినవాణ్ణి బయటికి పిలిచి, బదులు ఇంకొకణ్ణి దింపుతాడు. వాడు తొందరపడకుండా నడిచొస్తాడు. స్టేడియం మొత్తం లేచి నిలబడి చప్పట్లు కొడుతుంది. పెళ్ళిలో కూడా లేవనివాళ్ళం దానికి లేస్తాం. నిన్నమొన్న వచ్చిన కుర్రాళ్ళకి కూడా లేచాం. లామెర్ట్‌కి ఒక్కసారీ లేవలేదు. కారణం సులువు. గెలుస్తుంటే కార్నర్లు ఆపడానికి వాడి తల కావాలి, ఓడిపోతుంటే గోలు కొట్టడానికి వాడి తల కావాలి. ఏ ట్రైనరూ వాణ్ణి చివరిదాకా వదల్లేదు.

"ఒక్కసారి అడగరాదూ?" అందట వాడి భార్య హిల్లీ, ముక్కు మీద ఐసు గుడ్డ పెడుతూ.

"అడిగితే వచ్చేది కాదే అది."

"నోరు మూసుకుంటే వస్తుందేం?"

ఒకరోజు ఆమె వంటింటి కిటికీలోంచి చూసింది. పెరట్లో తీగ మీద దుప్పట్లు ఎగురుతున్నాయి. వాటి ముందు లామెర్ట్ నెమ్మదిగా నడుస్తూ, చేతులు తల మీదికెత్తి చప్పట్లు కొడుతున్నాడు, కుడికి తిరిగి ఒకసారి, ఎడమకి తిరిగి ఒకసారి. హిల్లీ ఈ మాట చెల్లెలికి చెప్పింది. చెల్లెలు మాకు చెప్పింది. ఆ వారం వాడు ఎదురైతే చాలు, బట్టలు ఆరాయా అని అడిగాం.

వాడి చివరి మ్యాచ్ మే నెలలో, సొంత గ్రౌండులోనే. గెలిస్తే పై డివిజన్‌కి వెళ్ళే పోటీల్లో చోటు. అలాంటి రోజు మా ఊరికి ఎప్పుడో గానీ రాదు. ట్రైనర్ కోస్టర్ ముందే మాటిచ్చాడు, "గెలుస్తూ ఉంటే చివర్లో నిన్ను పిలుస్తాను లామెర్ట్." హిల్లీ కూతురు రూలీని ఒళ్ళో కూర్చోబెట్టుకుని ముందు వరసలో ఉంది. ఎండ కాలువల్లో ఉతికి ఆరేసినట్టు ఉంది. విరామం తర్వాత లామెర్ట్ తలతో గోలు కొట్టాడు. ఒకటి, సున్నా.

చివరి నిమిషాల్లో బంతి మన వెనక గీత దాటి పోయింది. పక్కన లామెర్ట్‌ని బయటికి పిలిచే బోర్డు లేచింది, దాని మీద వాడి తొమ్మిదో నంబరు. మేమంతా లేచాం. అప్పుడు రిఫరీ కార్నర్ జెండా వైపు చెయ్యి చూపించాడు. బంతి అవతలివాళ్ళది.

కార్నర్ ముందు మనిషిని మార్చకూడదని మా ఊళ్ళో పాలవాడికి కూడా తెలుసు. కోస్టర్‌కి తెలియదా? బోర్డు కిందికి దించమని సైగ చేసి, లామెర్ట్ వైపు అరచెయ్యి చాచాడు. ఆగు, ఇదయ్యాక. లామెర్ట్ మొదటి పోస్టు దగ్గరే ఉన్నాడు. ఆ చెయ్యి చూశాడు. తర్వాత మమ్మల్ని చూశాడు, నలువైపులా నిలబడి ఉన్నవాళ్ళని. మా ఊరివాళ్ళు ఒక మనిషికి రెండుసార్లు లేవరు. అది వాడికి మాకన్నా బాగా తెలుసు.

వాడు పోస్టు వదిలి నడవడం మొదలెట్టాడు.

ఎంత నెమ్మదిగా నడిచాడు! నీళ్ళలో నడుస్తున్నట్టు. ఒకసారి వంగి గడ్డిని తాకాడు. చేతులు తల మీదికెత్తి కుడికి తిరిగాడు, ఎడమకి తిరిగాడు, దుప్పట్లకి బదులు మేము. రూలీ కూడా చిన్న చేతులతో చప్పట్లు కొట్టింది. వాడు గీత దాటాడు, చేసేది లేక కోస్టర్ పంపిన కొత్త కుర్రాడు లోపలికి పరుగెత్తాడు, ఎక్కడ నిలబడాలో తెలియక అటూ ఇటూ చూశాడు. కార్నర్ వచ్చింది. బంతి మొదటి పోస్టు వైపే, ఒక మనిషి తలంత ఖాళీలోకి వచ్చింది. అవతలివాడు ఎగరాల్సిన పని కూడా లేకపోయింది.

చప్పట్లు సగంలో ఆగిపోయాయి. లామెర్ట్ చేతులు మాత్రం ఇంకా గాల్లోనే ఉన్నాయి, వీపు గోలు వైపు. మా ముఖాలు చూసి వాడికి తెలిసింది. తర్వాత ఈలలు మొదలయ్యాయి.

ఒకటి, ఒకటి. అంతే.

"చెయ్యి చూపించాను కదరా," అన్నాడు కోస్టర్, లోపలికి పోయే దారిలో, అందరూ వింటుండగా.

"చూళ్ళేదు."

"చూశావు."

వీడ్కోలుకని తెచ్చిన పూలగుత్తిని క్లబ్బువాళ్ళు హిల్లీ పక్కన ఖాళీ కుర్చీలో పెట్టి వెళ్ళారు.

ఆ తర్వాత వాడు పిండి ఫ్యాక్టరీ లారీ నడిపాడు. బేకరీలో వరస ఎంత పొడుగున్నా యాన్నెస్ వాణ్ణే ముందుకు పిలిచేవాడు. "రా లామెర్ట్, ముందు నువ్వు పుచ్చుకో. చివరిదాకా నిలబడే ఓపిక నీకెక్కడిది?" హిండ్రిక్ మంచాన పడి మాట తగ్గిపోయిన రోజుల్లో, ఒక మధ్యాహ్నం లామెర్ట్ పక్కన కూర్చుని, పనివేళ అయిందని లేచాడు. ముసలాయన కళ్ళు తెరిచాడు.

"అప్పుడే లేచావా?" అన్నాడు. కొడుకుతో ఆయన ఆడిన చివరి మాట అదే.

మా వైపు మగవాడికి యాభై నిండితే, తెల్లారేసరికి ఇంటిముందు గడ్డిమనిషిని నిలబెడతారు. ఇరుగుపొరుగు కలిసి చేసే సరదా. లామెర్ట్ ఇంటిముందు మేం నిలబెట్టినదానికి తొమ్మిదో నంబరు చొక్కా తొడిగాం. చేతులు తల మీద చప్పట్లు కొడుతున్నట్టు కట్టాం. వీపు వెనక, కంచె మూలన, ఒక కార్నర్ జెండా పాతాం.

మధ్యాహ్నం పుట్టినరోజుకి వెళ్ళేసరికి గడ్డిమనిషి చోటు మారి ఉంది. చేతుల తాళ్ళు విప్పేసి ఉన్నాయి. గేటు స్తంభానికి ఆనుకుని, జెండా వైపు తిరిగి నిలబడి ఉంది, వానలో తడుస్తూ.

లోపల కుర్చీలు గుండ్రంగా వేశారు. ఆనవాయితీ ప్రకారం హిల్లీతో చెయ్యి కలిపి "మీ ఆయనకి యాభై, శుభాకాంక్షలు" అన్నాం, రూలీకి "మీ నాన్నకి" అన్నాం. తలా ఒక ముక్క ఆపిల్ కేకు పెట్టారు. యాన్నెస్ కిటికీలోంచి గేటు వైపు చూసి, చెంచా నాకాడు.

"ఇప్పుడు నిలబెట్టి ఏం లాభం లామెర్ట్?"

లామెర్ట్ కాఫీ కూజా పట్టుకుని గది మధ్యలో ఉన్నాడు. తల దూలానికి తగలకుండా కాస్త వంగి ఉన్నాడు. "ఇంకో కప్పు పొయ్యనా?" అన్నాడు.

"పొయ్యి," అన్నాడు యాన్నెస్.

తర్వాత పుట్టినరోజు పాట పాడాం. పాట చివర మూడుసార్లు చేతులు పైకెత్తి జేజేలు పలకాలి, పలికాం. మాలో ఎవరూ కుర్చీలోంచి లేవలేదు.